గుక్కెడు నీళ్లు

సత్ప్రసాదం కోసం మోకరించిన ఆడవాళ్లలో బాలవ్వ లేదు. చర్చి తలుపు దగ్గరే నిలబడిపోయింది. పూజ ముగిశాక, సిద్దిపేట నుంచి వచ్చిన ఫాదర్ ఇన్నయ్య ఆమెను పిలిచాడు.

"నేను వచ్చేదే నెలకోసారి. సత్ప్రసాదానికి ఎందుకు రాలేదు బాలవ్వా?"

"ఉపాసం చెడిపోయింది ఫాదరూ. తెల్లారకముందు గుక్కెడు నీళ్లు మింగిన."

"సత్ప్రసాదం తీసుకోవాలంటే అర్ధరాత్రి దాటాక నీళ్లు కూడా ముట్టకూడదని చెప్పాను కదా! దాహం ఆపుకోలేకపోయావా?"

"దూపకు గాదు. దొర గడీల వెట్టికి వడ్లు దంచవోయిన. బియ్యం బుక్కుతమని, పుక్కిట నీళ్లు పట్టి దంచమంటరు. దగ్గొచ్చి లోపటికి వోయినయ్."

ఫాదర్ గొంతు లేచింది. "ఆదివారం, తెల్లవారకముందే! ఎవరి కోసం ఆ బియ్యం?"

బాలవ్వ తల వంచుకుంది.

"మీకే ఫాదరూ. పగటి బువ్వ మీకు గడీలనే గదా."

దొర పంపిన బండి అప్పటికే బయట ఆగి ఉంది. పోయిన నెల అదే గడీలో, అన్నం మల్లెపూవులా ఉందని ఆయన మెచ్చుకున్నాడు. ఇప్పుడు ఆ బండి వైపు చూసి మొహం తిప్పుకున్నాడు.

అది తన మీద కోపమనుకుని బాలవ్వ చేతులు జోడించింది.

"తప్పయింది ఫాదరూ. బియ్యం మాత్రం ఒక్క నూక గాకుంట దంచిన. కడుపు నిండ తినుండ్రి."