నాన్న తారీఖు

"మంగళవారం వద్దు. అమాస వద్దు. ఆషాఢం అసలే వద్దు," అన్నాడు లింబాద్రి. కూతురు రవళికి హైదరాబాదులో ఉద్యోగమైతే వచ్చింది గానీ, బయల్దేరడానికి రోజే దొరకడం లేదు.

రవళి కంప్యూటర్లో తేదీలు లెక్కగట్టే 'డేట్ క్లాసు' అనే ప్రోగ్రాము ముక్కను పొడిగించి, మంచిరోజులు వెతికే 'నాన్న తారీఖు' అనే కొత్త క్లాసు రాసింది. ఆయనకు నడుం నొప్పి లేచే శనివారాలతో సహా, రోజుకో సాకు చెప్పి వద్దన్నవన్నీ అందులో చేర్చింది. ఏడాదంతా వెతికినా ఒక్క మంచిరోజూ రాలేదు.

"చూసినవా? మిషినే వద్దంటున్నది!" లింబాద్రి మీసం దువ్వాడు.

తల్లి గంగమణి వంటింట్లోంచి వచ్చింది. "బిడ్డా, మా లగ్గం తారీఖు గొట్టు."

'ఆషాఢం. చెడ్డరోజు' అని ఎర్రగా వచ్చింది.

"దుబాయ్ కొలువు సెలవు అయిపోతదని ఆగకుంట చేసుకుంటివి గదా," భర్త వైపు తిరిగింది గంగమణి. "చెడ్డరోజేనా?"

లింబాద్రి కూతురి వైపు తిరిగాడు. "మిషిన్ ఖరాబైంది బిడ్డా. రేపు హైదరాబాద్ బస్సు ఎన్ని గంటలకున్నది?"

రేపు మంగళవారమని ఎవరూ గుర్తు చేయలేదు.