నూగు

పెరుగు గిన్నె పక్కన అండాల పెట్టె పెట్టుకోవడం అప్పటికి అందరి వంటిళ్లలోనూ మామూలైపోయింది. జబ్బుకు మందులు మొదలుపెట్టకముందు తీసి దాచిన హైమావతి అండాశయపు ముక్క ఆ పెట్టెలో గోరువెచ్చగా నిద్రపోతోంది. రోజూ పాలు పొయ్యి మీద పెట్టి, ఆమె పెట్టెలో హార్మోను చుక్కలు వేస్తుంది. ఇంతవరకూ ఎదిగిన అండాలన్నీ, వాటిని మేలుకొలపడానికి వేసే చివరి చుక్కకు లేవకుండానే వాడిపోయాయి. ఇక మిగిలింది ఒక్కటే.

ఈవేళ అదీ ఎదిగిందని పెట్టె మీద పచ్చదీపం వెలిగింది. పెట్టెకున్న భూతద్దంలో చూస్తే అండం చుట్టూ నూగు పట్టి ఉంది. హైమావతి పిచికారీ అందుకుంది.

పులిహోరకు ఆవ నూరుతున్న అత్తగారు సుందరమ్మ తలెత్తింది. "ఏం చేస్తున్నావే?"

"నూగు కడిగేసి చుక్క వేస్తానత్తయ్యా. ఎప్పుడూ అంతేగా."

"ఓసి నీ శుభ్రం మండా! అన్నిసార్లూ కడిగేశావా? అది మురికి కాదే, దాని చుట్టాలు. మందు మాట ముందు వాళ్లకే వినబడుతుంది. వాళ్లు లేపితేనే అది లేస్తుంది."

"ముందే చెప్పొచ్చుగా!"

"మీ ఆడపడుచు పెట్టె చూసుకున్నది నేనేనే. చేతులు కడుక్కోలేదంటూ నన్ను ఎప్పుడైనా దగ్గరికి రానిచ్చావా?"

హైమావతి పిచికారీ పక్కన పెట్టేసింది. చివరి చుక్క వదిలి, అత్తగారికి స్టూలు జరిపింది.

కిటికీలోంచి సాయంత్రపు ఎండ వాలేసరికి, ఆ నూగంతా నీళ్లలో పడిన సబ్జా గింజలా మెల్లగా ఉబ్బి తెల్లని మబ్బయింది. నడుమ అండం మెరిసింది.

"లేచింది," అంది సుందరమ్మ.

ఆమె వేళ్లకు ఇంకా ఆవముద్ద అంటుకునే ఉంది. హైమావతి ఆ చేతిని అలాగే పట్టుకుంది.