మలుపులో దీపం

"పది అడుగులు అవతలికి జరుపుతాం పెద్దమ్మా. అంతే."

ఇంజినీరు అనెస్టిస్ ఆ మాట అనడం మూడోసారి. స్తమాతియా వినిపించుకోలేదు. దగ్గు మందు సీసాలో తెచ్చిన ఆలివ్ నూనె దీపంలో పోసి, వత్తి సవరించింది.

దీపం ఉన్నది ఇనుప కాలు మీద నిలబెట్టిన చిన్న గూడులో. గ్రీసు దేశంలోని ఈ అర్కాడియా కొండదారిలో ప్రాణం పోయిన చోట్ల ఇలాంటివి కనిపిస్తూనే ఉంటాయి. ఇందులో మేరీమాత పటం, పక్కన రెండు జడల పిల్ల ఫొటో. కింద పేరు: ఫొతిని.

కరెంటు బండ్లకి ఛార్జింగ్ పెట్టే స్తంభాలు దారి పొడవునా వేస్తున్నారు. ఈ మలుపులో చదునైన జాగా గూడున్నదొక్కటే.

"జరిగింది ఇక్కడైతే, దీపం అక్కడ పెడితే ఎలా బాబూ?"

"అందరి మంచికేనమ్మా. పొగుండదు, చప్పుడుండదు. రేపు నువ్వూ అందులోనే పోదువుగాని."

"నేను బండెక్కను." రోజూ ఆరు కిలోమీటర్లు నడిచే వస్తుంది. చటుక్కున తలెత్తింది. "చప్పుడుండదా? మరి బండొస్తోందని పిల్లలకెలా తెలుస్తుంది?"

అనెస్టిస్ సంచిలోంచి ఒక కాగితం తీశాడు.

తవ్వే యంత్రం మీద నుంచి థనాసిస్ నవ్వాడు. "స్తంభం లేచేసరికి ఈ ఊళ్లో బండి కొనేవాడే మిగలడు సారూ! ఆవిడ చేత సంతకం పెట్టించండి, అన్నానికి పోదాం."

గూడు కదపాలంటే పోయినవాళ్ల తాలూకు మనిషి ఒప్పుకోవాలి. అనెస్టిస్ కాగితం చాపాడు.

"నా సంతకం చెల్లదు బాబూ."

చదువు రాదు కాబోలనుకున్నాడు. "వేలిముద్రైనా చాలమ్మా."

ఆమె నల్లగౌను అంచుతో గూడు అద్దం తుడిచింది, మరకేమీ లేకపోయినా. "ఇది తీసేస్తే, పొద్దున్నే లేచి నేనెక్కడికి పోను?"

ఇంట్లో ఇంకెవరైనా ఒప్పుకుంటారేమోనని అనెస్టిస్ ఫొతిని పేరు పట్టుకుని వాకబు చేశాడు. మర్నాడు పట్నంలో ఒక మూడో అంతస్తు తలుపు తట్టాడు. పిల్ల తల్లి అర్గిరో తలుపు తీసింది.

"మీ అమ్మగారు గూడు కదపనివ్వడం లేదమ్మా. స్తమాతియాగారు. మీరైనా..."

అర్గిరో కాగితం లాక్కుని నిలబడే చదివింది. 'జరుపుటకు' అన్నచోట కొట్టేసి 'తీసివేయుటకు' అని రాసింది. కింద సంతకం చేసింది.

"అయ్యో, పాపం ఆవిడ రోజూ అంతదూరం నడిచొచ్చి..."

కలం తిరిగిచ్చేస్తూ అర్గిరో అంది. "ఆవిడ మాకేమీ కాదు. ఆ రోజు మా ఫొతిని మీదికి బండి పోనిచ్చింది ఆవిడే."