పాత సైలెన్సర్

"నిన్న నువ్వు పెట్టిన సైలెన్సర్ ఊడదీసి, పాతదే బిగించు ఖాదరూ."

మెకానిక్ ఖాదర్ వలి చేతిలో స్పానర్ ఆగిపోయింది. సైకిలుకి లైటు లేకపోయినా పిల్లల్ని ఆపి చీవాట్లు పెట్టే ఇశ్రాయేలు మాస్టారేనా ఈ మాట అంటున్నది!

"ఏంది మాస్టారూ? కంపెనీ ముద్రున్నదే కావాలని మీరేగా పట్టుబట్టింది! ఆ పాతదాని లోపలి గొట్టాలు మీ సామ్యేలు అడిగితే నేనే పీకేశా. బండి మీ పేరుకి మార్చాలంటే, ఆ మోతకి బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోడు."

"తెలుసు." మాస్టారు చనిపోయిన కొడుకు బండి మీద చెయ్యేశాడు. "వాడు పోయిన కాడ్నించి వాళ్ళమ్మ మనసు మనసులో లేదు. ఈ మోత వినపడగానే పిల్లాడొచ్చాడని లేచి కంచాలు పెట్టేది. నేను బండి దిగి పోయి వాడి కంచం ముందు కూర్చునేవాణ్ణి. ఆమె కూడా నాలుగు ముద్దలు తినేది."

"మరి నిన్న?"

"చప్పుడు లేకుండా పోయా. పిల్లాడింకా రాలేదు, వచ్చినాక తింటానంది. తెల్లారేదాకా గడపలోనే కూర్చుంది."

ఖాదర్ పాత ఇనుములోంచి సైలెన్సర్ వెతికి తెచ్చి బిగించాడు. స్టార్ట్ చేస్తే బజారంతా దద్దరిల్లింది.

"ఎవరన్నా ఆపుతారేమో, మాస్టారూ."

మాస్టారు ఇంజను ఆపేసి హ్యాండిల్ పట్టుకున్నాడు.

"వాడు నాకు భయపడి సందు మొదట్లోనే ఆపి, ఇంటిదాకా తోసుకొచ్చేవాడు. నేను ఊరంతా తోసుకుపోయి, ఆ సందు మొదట్లో స్టార్ట్ చేస్తాలే."