పెట్టెలో లేని పాట

“ఇది నాకొద్దమ్మా. ఇందులో ఆఖరి పాట లేదు.”

ముసలాయన రికార్డుల పెట్టెను బల్ల మీద వెనక్కి నెట్టాడు.

సంతకాలు పెడుతున్న మార్లా తలెత్తింది.

అమెరికాలోని మేకన్ ఊళ్ళో ఆ శనివారం పొద్దున, వెండెల్ రికార్డుల కొట్టు ముందు వరస వీధి మలుపు దాకా సాగింది. ‘పైన్ లెవెల్’ బ్యాండు ఆఖరి కచేరీ యాభై ఏళ్ళకు మళ్ళీ కొత్తగా విడుదలైన రోజది. అందులో గిటారు వాయించిన డెల్ ప్రూయెట్ కూతురే మార్లా. ఆ కచేరీ జరిగిన మర్నాడు పొద్దున్నే డెల్ కారు ప్రమాదంలో పోయాడు. మరో మూడు వారాలకు ఆమె పుట్టింది.

“ఆ పాట ఎక్కడా లేదండీ. ఆ ఒక్కరోజే వాయించారు. సగంలో కంపెనీవాళ్ళ టేపు అయిపోయింది.”

“నా దగ్గరుంది.”

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

“మొన్నొకాయన కూడా ఇలాగే తెచ్చాడు పెద్దాయనా,” అన్నాడు వెండెల్. “తీరా వింటే వాళ్ళావిడ చర్చిలో పాడిన పాట!”

ముసలాయన నవ్వలేదు. జేబులోంచి క్యాసెట్టు తీసి బల్ల మీద పెట్టాడు.

“దీన్నెలా రికార్డు చేశారు?” అడిగింది మార్లా.

“కోటు కింద మిషను పెట్టుకుని.”

“ఎవరినీ అడక్కుండానా?”

“గేటు దగ్గరవాళ్ళనైతే అడగలేదు.”

మార్లా మొహం బిగుసుకుంది. నాన్న పోయిన నెలకే ఆ కచేరీ దొంగ టేపులు సంతల్లో అమ్ముడుపోయాయి. ‘చచ్చినవాడి జేబులు వెతికే మనుషులు’ అని అమ్మ లైలా బతికున్నన్నాళ్ళూ వాళ్ళను తిట్టిపోసేది.

“అంటే మీరూ దొంగేనన్నమాట.”

“అప్పుడు మమ్మల్ని అలాగే అనేవాళ్ళులేమ్మా.”

“ఇప్పుడూ అలాగే అంటారు.”

ఆయనకు దగ్గు తెర వచ్చింది. తమాయించుకున్నాడు.

“తిట్టు, పర్లేదు. కానీ విను. నువ్వొక్కదానివే కూచుని విను.”

“వెనక ఇంతమంది నుంచున్నారు పెద్దాయనా. అక్కడ పెట్టి వెళ్ళండి.”

ఆయన టోపీ అంచు ముట్టుకుని వెళ్ళిపోయాడు.

పది రోజుల తర్వాత వెండెల్ ఫోన్ చేశాడు.

“మార్లా, ఉన్నపళంగా రా.”

“ఏమైంది?”

“నువ్వు ముందు రా తల్లీ!”

కొట్టు వెనక గదిలో క్యాసెట్టు తిరుగుతోంది. ఆఖరి పాట. మొదటి మీటు నుంచి చివరి మీటు దాకా, పదకొండు నిమిషాలు. పాట సగం దాటేసరికి మిగతా వాద్యాలన్నీ ఆగిపోయాయి, నాన్న గిటారొక్కటే తాపీగా ఎవరితోనో మాట్లాడుతున్నట్టు సాగింది. మార్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

చప్పట్లు మొదలవగానే వెండెల్ మిషను ఆపి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

“నలభై ఏళ్ళుగా దొంగ టేపులు పోగేస్తున్నాను. ఈ పాట ఒక్కదాంట్లోనూ లేదు. అంటే ఆయన ఇన్నేళ్ళూ దీన్ని ఎవరికీ ఇవ్వలేదన్నమాట.”

“ఎందుకు?”

“ఆయన్నే అడుగు.”

క్యాసెట్టు డబ్బా మీద వంకర అక్షరాలతో పేరూ, ఫోన్ నంబరూ ఉన్నాయి. హోయ్ట్ గ్యాడిస్.

ఫోన్ ఒక ఆడమనిషి ఎత్తింది.

“హోయ్ట్ మా అన్నయ్యండీ. మొన్న గురువారం సమాధి చేశాం. ఊపిరితిత్తులు.”

మర్నాడు మార్లా వెన్న కేకు చేసుకుని ఫోర్సిత్‌లో వాళ్ళింటికి వెళ్ళింది. చెల్లెలు ఐనెజ్ ఆమెను వంటగదిలో కూర్చోబెట్టింది.

“ఆయన్ని దొంగ అన్నానండీ,” అంది మార్లా.

“చెప్పాడు. నవ్వుకుంటూ చెప్పాడు. ‘వాళ్ళమ్మకంటే నయమే, ఆవిడ కుక్కను వదిలింది’ అన్నాడు.”

“మా అమ్మ దగ్గరికీ వచ్చాడా?”

“మూడుసార్లు. మా వాడు దొంగ టేపులు చేస్తాడని ఊరంతా ఎరుగుదురు. ఆవిడ తలుపు తీస్తే గదా చెప్పుకోడానికి. తర్వాత మీరు ఎక్కడికో వెళ్ళిపోయారు. పేపర్లో నీ పేరు చూసి, డాక్టరు వద్దంటున్నా లేచొచ్చాడు. ఆ శనివారం ఇంటికొచ్చి ‘ఇచ్చేశానే’ అని, ఎన్నాళ్ళకో కడుపునిండా తిన్నాడు.”

“ఆయనకు కనీసం థాంక్స్ అయినా చెప్పలేదండీ నేను. ఆ పాట నాకు ఎంత...”

ఐనెజ్ ఆమెకేసి వింతగా చూసింది.

“చప్పట్ల తర్వాత వినలేదా నువ్వు?”

మార్లా సంచీలోంచి క్యాసెట్టు తీసింది. ఐనెజ్ అన్నయ్య మిషను తెచ్చి బల్ల మీద పెట్టింది.

చప్పట్లు సద్దుమణిగాయి. ఎవరో నడుస్తున్న చప్పుడు. తలుపు కిర్రుమంది. ఒక మగవాడు ఆయాసపడుతూ నవ్వాడు.

మార్లా ఐనెజ్ చెయ్యి గట్టిగా పట్టుకుంది. బ్యాండు రికార్డుల్లో నాన్న ఏ పాటా పాడలేదు, ఎక్కడా మాట్లాడలేదు. ఆయన గొంతు ఆమె పుట్టి బుద్ధెరిగి వినలేదు.

“మొత్తం ఎక్కిందా హోయ్ట్? నేను పొద్దున్నే బర్మింగ్‌హామ్ బయల్దేరాలి. నువ్వే మా ఇంటికి పట్టుకెళ్ళు. లైలాను డాక్టర్లు మంచం దిగొద్దన్నారుగా, పొట్ట పక్కన పెట్టి వినిపించమను. లోపలున్నది బుడ్డోడో బుడ్డిదో గానీ, పాట మటుకు వాళ్ళదే. ఇంకెవరి చేతికీ ఇవ్వకు, నా మీద ఒట్టు!”

దానికి జవాబుగా, దగ్గు లేని పడుచు గొంతొకటి మిషనుకు బాగా దగ్గరగా అంది: “ఇంకెవరికీ ఇవ్వను డెల్, ఎన్నాళ్ళకైనా ఆ బిడ్డ చేతికే ఇస్తాను.”