చెప్పులు విడిచే రాయి

ఓబుళేశు కొడవలి జయపాల్ భుజాన్ని చీల్చింది. కుస్తీ గరిడిలోని ఎర్రమట్టి మీద నెత్తురు చిమ్మింది.

గొడవంతా ఒక నాపరాయి గురించి. ఊరి కొట్లాటల్లో పడినవాళ్లను ఏ పక్షమని అడగకుండా వీపున వేసుకుని ఆసుపత్రికి మోసిన పహిల్వాను ప్రేమయ్య పోయిన ఏడు చనిపోయాడు. ఆయన జ్ఞాపకంగా ఆ పాత గరిడిని శిష్యులు బాగు చేయిస్తున్నారు. ఓబుళేశు బేతంచెర్లలో రాయి చెక్కించి తెచ్చాడు. తన పేరు పైన, గురువు పేరు కింద.

"గురువు కంటే పెద్దోడివా?" జయపాల్ గడ్డపార ఎత్తాడు.

"రాప్పా. ఇంకో భుజం గూడా తీసేస్తా."

ఇక్కడ శవం లేస్తే గరిడికి తాళం పడుతుందని ప్రేమయ్య భార్య విశ్వాసమ్మకు తెలుసు. అయినా అరవలేదు.

"ఇద్దరూ చెప్పులతో దిగినారే. ఆయనుంటే దిగనిచ్చునా? విడిచి నరుక్కోండి."

చెప్పులతో మట్టి తొక్కినందుకు ఇద్దరూ ఒకప్పుడు ఆయన చేతి దెబ్బలు తిన్నవాళ్లే. ఓబుళేశు వంగాడు. పట్టీ విప్పడానికి కొడవలి కింద పెట్టాల్సి వచ్చింది. జయపాల్ గడ్డపార పారేసి, చెప్పులు విదిలించి మీద పడ్డాడు. ఒక్క పట్టుతో వెల్లకిలా కొట్టి, గొంతు మీద మోకాలు పెట్టాడు. ఓబుళేశు కళ్లు తేలేశాడు.

విశ్వాసమ్మ చూస్తూ నిలబడింది. గెలిచినవాడు పడినవాణ్ణి లేపాలన్నది ఆ గరిడి కట్టుబాటు.

ఆమెను చూసి జయపాల్ మోకాలు తీసి, నెత్తుటి చెయ్యి చాపాడు.

"ఈ రాయిని వాకిట్లో బోర్లా పరచండి," అంది విశ్వాసమ్మ. "చెప్పులు దాని మీద విడవాల."

ఓబుళేశు గొంతు రుద్దుకున్నాడు. "గురువు పేరు గూడా మట్టిలోకి పోతాది గదమ్మా."

"పోనీ నాయనా. ఎప్పుడూ కిందుండే గదా మిమ్మల్ని మోసినాడు."