బిగిసిన గుప్పిట

న్యూజెర్సీలో చలి సాయంత్రం చీకటి పడుతోంది. పార్కులో పెట్టెలు పట్టుకుని నిలబడ్డ కంచు పిల్లల పాదాల దగ్గర గులకరాళ్లు పేరుకున్నాయి. గుంటూరులో సమాధుల పండక్కి అయినవాళ్ల గోరీలు శుభ్రం చేసినట్టే ప్రిస్సిల్లమ్మ వాటిని ఏరి పొదల్లో పారేసి, కొంగుతో విగ్రహాలు తుడిచింది.

కుక్కను తిప్పుతూ వచ్చిన పక్కింటి రచన ఆగిపోయింది.

"అవి ఎందుకు తీశారు ఆంటీ? వీళ్లు హిట్లర్ టైమ్‌లో తప్పించి పంపేసిన జ్యూయిష్ కిడ్స్. మళ్లీ కనిపించని పేరెంట్స్ కోసం పెడతారు ఆ స్టోన్స్."

రచన వెళ్లిపోయింది. ప్రిస్సిల్లమ్మ మనసు చివుక్కుమంది. స్ట్రోలర్‌లో నిద్రపోతున్న మనవడి గుప్పిట బిగిసి ఉంది. వేళ్లు విప్పితే, మంచులా చల్లటి గులకరాయి.

కొడుకూ కోడలూ ఒకే కార్లో ఆఫీసు నుంచి బయల్దేరి చాలాసేపయింది. ఫోన్ చేసింది. మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తడం లేదు.

వాడి రెండో గుప్పిట కూడా బిగిసే ఉంది.